ఒక్క అభ్యంతరం కావలెను

ముందుగా ఒక నేరం ఒప్పేసుకుంటాను. తర్వాత ఎవరి నోటనో మీరు వింటే బాగోదు.

ఈ కథలో జరిగిన రభసంతటికీ కారణం ఒక గీత. భాగహారం గీత. పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్యలో అది. ఆ గీత గీసింది నేనే. ఓ శుక్రవారం మధ్యాహ్నం, బిర్యానీ తిన్న మత్తులో, ప్రభుత్వం వారి "పందిరి" అనే పెళ్ళిళ్ళ పోర్టల్‌కి కోడ్ రాస్తూ గీశాను. టెస్టింగ్‌లో ఒకమ్మాయి అడిగింది కూడా, "కింద సున్నా వస్తే ఏం చేస్తుంది ఇది?" అని.

"పెళ్ళికి అభ్యంతరాలు సున్నానా? మన రాష్ట్రంలోనా? ఏ ఊళ్ళో పుట్టావు తల్లీ నువ్వు?" అని పంపించేశాను.

ఆ సున్నా పెదసింగవరంలో వచ్చింది. వచ్చి ప్రవల్లిక మీద పడింది.

ప్రవల్లిక పెదసింగవరం హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె పెళ్ళాడదల్చుకున్న ఎలీషా కూడా టీచరే, సోషల్ చెప్తాడు. కాకపోతే ఆ చెప్పేది రెండొందల ముప్పై కిలోమీటర్ల అవతల, కొండ మీద. ఆ ఊరికి రోజుకి రెండు బస్సులు. వానొస్తే ఒకటి. గట్టి వానొస్తే బస్సు కోసం కాదు, డ్రైవరు క్షేమం కోసం ఎదురుచూస్తారు.

ఇద్దరిదీ ఒక కులం కాదు, ఒక దేవుడు కూడా కాదు. అందుకని ఆరేళ్ళ పాటు రెండు వైపులా అందరూ అభ్యంతరం చెప్పారు. పండక్కి కలిసి చెప్పారు, ఫోన్ చేసి చెప్పారు, ఆస్పత్రి మంచం మీద సెలైన్ ఎక్కుతుండగా కూడా చెప్పారు. చెప్పి చెప్పి అలిసిపోయారు. ఏడో ఏడు వచ్చేసరికి ప్రవల్లిక వాళ్ళమ్మ నాగరత్నం ఎలీషాకి కందిపొడి డబ్బా కట్టి పంపించడం మొదలెట్టింది. ఎలీషా వాళ్ళ నాన్న "ఆ లెక్కల పిల్ల మనింటికి ఎప్పుడొస్తుందిరా?" అని ఆయనే అడిగాడు. మొత్తానికి, కాగితం పెట్టే వేళకి ఒక్కరి దగ్గరా అభ్యంతరం స్టాకు లేదు.

తొందరెందుకంటే, ఆ ఏడు టీచర్ల బదిలీలు. మళ్ళీ ఎప్పుడో ప్రభుత్వానికే తెలీదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ టీచర్లయితే దగ్గర దగ్గర ఊళ్ళిస్తారు. దానికి పెళ్ళి సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తుకి ఆఖరి గడువు జూన్ తొమ్మిది, సోమవారం, సాయంత్రం అయిదు. అయిదూ ఒకటైతే ఇంకో అయిదేళ్ళు బస్సే.

ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు పెట్టారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద అది ముప్పై రోజులు వేలాడాలి, ఎవరికైనా అభ్యంతరముంటే ఆ లోపల చెప్పుకోవాలి. ఎలీషా మహా జాగ్రత్త మనిషి. రెయిన్‌కోటు వేసుకుని మీద గొడుగు వేసుకునే రకం. ఎందుకైనా మంచిదని రెండు కుటుంబాల్లో నలభై మూడు మంది చేత "ఈ వివాహానికి మాకెట్టి అభ్యంతరమూ లేదు" అని సంతకాలు పెట్టించి, వరస నంబర్లు వేసి, దరఖాస్తుకి జత చేశాడు. పెట్టనిది ఒకే ఒక్కడు. ఆయన సంగతి ఆయన వచ్చినప్పుడు చెప్తాను.

ముప్పై రోజులూ అయ్యాయి. జూన్ రెండు, సోమవారం పొద్దున్నే రెండు గులాబీ దండలు, రెండు కేజీల కాజాలు, ముగ్గురు సాక్షులతో ఆఫీసుకొచ్చారు. ప్రవల్లిక గంధం రంగు పట్టుచీర కట్టుకుంది. నాగరత్నం కళ్ళు తుడుచుకోవడానికి రెండు జేబురుమాళ్ళు తెచ్చుకుంది.

సీనియర్ అసిస్టెంటు సత్యవేణి ఫైలు తెరిచింది. మౌస్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని నొక్కింది.

"పచ్చగా ఉండాలమ్మా ఈ బటను. బూడిదరంగులో ఉంది. సార్, ఒకసారి చూస్తారా?"

సబ్ రిజిస్ట్రార్ దక్షిణామూర్తి గారు లోపల్నుంచి వచ్చారు. ఇంట్లో ఆయన ఎలా మాట్లాడతారో తెలీదు గాని, ఆఫీసులో మాత్రం జీవో చదివినట్టే మాట్లాడతారు. తెర మీద ఇలా ఉంది:

అభ్యంతరాలు వచ్చినవి: 0. పరిష్కరించినవి: 0. పరిష్కార శాతం: నిర్వచించబడలేదు.

"చూడండమ్మా," అన్నారాయన, "అభ్యంతరములు స్వీకరించబడి, విచారించబడి, పరిష్కరించబడిన మీదట, సదరు పరిష్కార శాతము నూరు అయినచో మాత్రమే వివాహము జరిపించు అధికారము ఈ కార్యాలయమునకు సంక్రమించును."

"కానీ సార్, మాకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు."

"అదే కదమ్మా మీ ఫైలులోని లోపము."

ప్రవల్లిక తెర వైపు వంగింది. ఆమెకి విషయం రెండు సెకన్లలో అర్థమైంది. "సార్, వీళ్ళు సున్నాని సున్నాతో భాగిస్తున్నారు. దానికి జవాబుండదు. ఎనిమిదో తరగతి పిల్లలక్కూడా తెలుసు."

"అటులైన మీకు నేను విశదీకరించవలసిన పని లేదు. మీ వివాహము ప్రస్తుతము నిర్వచించబడని స్థితిలో ఉన్నది."

"అంటే ఎవరో ఒకరు అడ్డుపడితే గాని మా పెళ్ళి జరగదా?" అన్నాడు ఎలీషా.

"అడ్డుపడి, ఓడిపోవాలి," అంది సత్యవేణి. "ఊరికే అడ్డుపడితే చాలదు బాబూ."

గోడ మీద టీవీలో, పరిష్కార శాతాన్ని బట్టి జిల్లాలోని ఆఫీసులకిచ్చిన ర్యాంకులు తిరుగుతున్నాయి. పెదసింగవరం పదమూడోది. సత్యవేణి దాని వైపు చూసి నిట్టూర్చింది. "పక్క మండలం ఫస్టు. అక్కడ ప్రతి పెళ్ళికీ రెండు జీపుల్లో వస్తారు, కర్రల్తో. పెట్టి పుట్టారు."

నోటీసు గడువు అయిపోయింది గదా, ఇప్పుడు అభ్యంతరం ఎలా తీసుకుంటారని ఎలీషా అడిగాడు. దక్షిణామూర్తి గారు ప్రసన్నంగా తలాడించారు. ఆలస్యంగా వచ్చిన అభ్యంతరాల్ని మన్నించడానికి ప్రభుత్వం ఉదారంగా ఏడు రోజులిచ్చింది. అంటే జూన్ తొమ్మిది దాకా.

"ఈ లోపల మనసున్న మనుష్యుడు ఒక్కడైనను దొరకకపోడు," అని దీవించి లోపలికెళ్ళారు.

దండలు కిటికీ ఊచకి తగిలించారు. కాజాల డబ్బా బీరువా మీద పెట్టారు. ఎలీషా హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాడు. ఇక్కడ ఇంకో నేరం కూడా ఒప్పుకోవాలి: ఆ ఫిర్యాదు నాకే వచ్చింది. "డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది" అని రాసి మూసేశాను. ఆ రోజు నా టార్గెట్ పదకొండు ఫిర్యాదులు. ఇది పదకొండోది.

మంగళవారానికి ఆఫీసు ముందు దృశ్యం మారిపోయింది. టార్పాలిన్ కింద దస్తావేజులు రాసుకునే గవర్రాజు కొత్త అట్ట వేలాడదీశాడు: "ఇచ్చట అభ్యంతరములు చెప్పబడును." అతని పక్కన కుర్చీలో రిటైర్డ్ బస్సు కండక్టరు అప్పలస్వామి తెల్ల చొక్కా వేసుకుని, ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ముందు తొమ్మిది జంటలు క్యూలో ఉన్నాయి. జిల్లాలో సంతోషంగా పెళ్ళి చేసుకునేవాళ్ళు ఇంతమంది ఉన్నారని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"అభ్యంతరానికి కారణం అయిదు రకాలమ్మా," గవర్రాజు వివరించాడు. "ముందే పెళ్ళయింది, మతి లేదు, వయసు చాలదు, వరస కాదు, ఇతరములు. మనం 'వయసు చాలదు' పెడతాం. విచారణలో వెంటనే కొట్టేస్తారు. క్లీన్‌గా ఉంటుంది."

అప్పుడే ఒక నలభై రెండేళ్ళ పెళ్ళికొడుక్కి అప్పలస్వామి "వయసు చాలదు" అని వేలిముద్ర వేశాడు. ఆ పెళ్ళికొడుకు మొహం వెలిగిపోయింది. దాని కాపీ ఇంకోటి తీయించుకుని జేబులో పెట్టుకున్నాడు.

"తాతగారూ, తప్పనిపించట్లేదా మీకు?" అంది ప్రవల్లిక.

"ముప్పై నాలుగేళ్ళు రైట్ రైట్ అన్నానమ్మా. ఇప్పుడు హోల్డాన్ అంటున్నాను. బస్సు ఎలాగూ వెళ్తుంది కదా."

ఆమె వంతు వచ్చేసరికి పోర్టల్ అప్పలస్వామిని ఆపేసింది. ఒక ఆధార్ మీద రోజుకి నాలుగు అభ్యంతరాలే. అయిదోది పెట్టాలంటే సంస్థగా నమోదు చేసుకోవాలి.

బుధవారం క్యూలో ఎవరికో ఉపాయం తట్టింది. జంటలు జంటలుగా నిలబడి మార్చుకోవడం మొదలెట్టారు. "మీ పెళ్ళికి మేం అడ్డుపడతాం, మా పెళ్ళికి మీరు అడ్డుపడండి. అందరం ఓడిపోదాం." ప్రవల్లికకి, ఎలీషాకి పక్క బెంచీ జంటతో ఒప్పందం కుదిరింది. ఆ పెళ్ళికూతురు "ఇతరములు" అనే గడిలో శ్రద్ధగా రాసింది: "అబ్బాయి మరీ జాగ్రత్త మనిషి. ఈ అమ్మాయి రెండో నెలకే విసిగిపోతుంది."

"పది నిమిషాల పరిచయంలో ఎలా కనిపెట్టారండీ?" అంది ప్రవల్లిక ఆశ్చర్యంగా.

"కుర్చీలో కూర్చునే ముందు నాలుగు కాళ్ళూ కదిపి చూశాడు మీ ఆయన."

"అది మంచి అలవాటే కదా?" అన్నాడు ఎలీషా. కుర్చీని ఇంకోసారి కదిపి చూసుకున్నాడు.

దక్షిణామూర్తి గారు విచారణకి కూర్చున్నారు. అభ్యంతరాన్ని పైకి చదివి, "దీనిపై వధువు అభిప్రాయమేమి?" అన్నారు.

"కొట్టెయ్యండి సార్. కాకపోతే పూర్తిగా అబద్ధమని రాయకండి."

ఆయన కలం కాగితం మీద పెట్టబోతుండగా, పదకొండూ నలభైకి, పైనుంచి సర్క్యులర్ దిగింది. సత్యవేణి చదివింది: "పరస్పర, వృత్తిపర మరియు స్నేహపూర్వక అభ్యంతరములు ఇకపై అభ్యంతరములుగా పరిగణించబడవు. అభ్యంతరము రక్తసంబంధీకుని నుండి, ఎవరి ప్రోద్బలమూ లేక, హృదయపూర్వకముగా రావలెను. ఇదివరకే అభ్యంతరము లేదని సంతకము చేసినవారు అనర్హులు."

దక్షిణామూర్తి గారు కలం మూత పెట్టేశారు. బయట అప్పలస్వామి ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, ఈల వేసి, "ఆఖరి స్టాపు, దిగండి దిగండి," అంటూ ఇంటికెళ్ళిపోయాడు.

సత్యవేణి వేలు తడి చేసుకుని ఎలీషా జత చేసిన సంతకాలు తిరగేసింది. అర్హత ఉన్న రక్తసంబంధీకులు ఎంతమంది మిగిలారో చూద్దామని. నలభై మూడు మందీ పోగా ఒకరు: పేరుంది, ఎదురుగా సంతకం లేదు.

"బుల్లబ్బాయి ఎవరమ్మా?"

తల్లీకూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

బుల్లబ్బాయి ప్రవల్లికకి పెదనాన్న. నాన్నకి సొంత అన్నగారు. డెబ్భై ఒకటి నిండాయి. వంశంలో ముప్పై ఒక్క పెళ్ళిళ్ళు చూశాడు, ముప్పై ఒక్కదాంట్లోనూ అలిగాడు. కొబ్బరి పచ్చడి గట్టిగా ఉందని ఒకసారి, శుభలేఖలో తన పేరు నాలుగో వరసలో పడిందని ఇంకోసారి, ఒకసారైతే ఏ కారణమూ దొరకలేదని. అంతా సవ్యంగా ఉంటే ఇక తనతో పనేముందని ఆయన బాధ. పెళ్ళివారు కూడా అలవాటు పడ్డారు. పందిరి వేసేటప్పుడే ఓ మూల ఆయన అలిగి కూర్చోడానికి కుర్చీ, పక్కన ఫ్యాను, బతిమాలడానికి ముగ్గురు మనుషుల్ని ఏర్పాటు చేస్తారు. మూడుసార్లు బతిమాలాలి. రెండోసారికే లేస్తే మర్యాద కాదు, నాలుగోసారి దాకా లేవకపోతే భోజనాలు చల్లారిపోతాయి. అదొక పద్ధతి.

మరి ఆరేళ్ళ అభ్యంతరాల్లో ఆయనెక్కడున్నాడంటే, అప్పట్లో ఆయన వరసగా వేరే పెళ్ళిళ్ళ అలకల్లో ఉన్నాడు. ఒకేసారి రెండు అలకలు పెట్టుకోడు. మొన్న ఎలీషా సంతకం కోసం వెళ్తే, "నాకన్నా ముందు ఎన్నిళ్ళకి వెళ్ళొచ్చావు?" అని అడిగాడు. ఎలీషా నిజం చెప్పాడు. "రెండు." పెదనాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న బత్తాయిలు పట్టుకుని ముగ్గురూ వెళ్ళారు. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"బావగారూ," అంది నాగరత్నం కొంగు నిండుగా కప్పుకుని, "పిల్ల పెళ్ళి ఆగిపోయింది. మీరొక్క మాట సాయం చెయ్యాలి."

ఆయన పేపరు దించాడు. ఆగిపోయిన పెళ్ళి, బతిమాలే మరదలు, బత్తాయిలు. చూపులో కొంచెం కాంతి వచ్చింది. "ఎవడాపాడు? చెప్పండి. నేనొచ్చి అడుగుతాను."

"ఎవరూ ఆపలేదు పెదనాన్నా. అదే ఇబ్బంది," అంది ప్రవల్లిక. "నువ్వొచ్చి ఆపాలి."

మొత్తం చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు.

"అంటే నేనొచ్చి అలగాలి. మీరు చెప్పిన రోజున. మీరు చెప్పిన టైముకి."

"తొమ్మిదో తారీఖు లోపల ఎప్పుడైనా ఫర్లేదండీ," అన్నాడు ఎలీషా.

"అబ్బాయ్, అడిగితే అలగడానికి నేనేవన్నా అద్దె బాజానా? ముప్పై ఒక్క పెళ్ళిళ్ళలో ఒక్కడైనా నన్ను అలగమని పిలిచాడా? అలక లోపల్నుంచి రావాలి. రాలేదు. నాకు మీ మీద ఏ కోపమూ లేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే దిగులుంది. "లేనిదాన్ని ఉందని గవర్నమెంటు కాగితం మీద సంతకం పెట్టమంటారా? బుల్లబ్బాయి ఉత్తుత్తి అలక అలిగాడని రేపు నలుగురూ అనుకోరూ?"

నాగరత్నం ఇంటికి వచ్చాక మంచినీళ్ళు తాగి అంది, "అలగొద్దని ఆయన్ని ముప్పై ఏళ్ళు బతిమాలాను. అలగమని బతిమాలే రోజు వస్తుందనుకోలేదే."

శనివారం ఎలీషా గోడ క్యాలెండర్ ముందు నిలబడి ఉండగా ప్రవల్లిక చూసింది. స్కూళ్ళు తెరిచే రోజు కింద పెన్సిల్‌తో బస్సు టైము రాసుకుంటున్నాడు.

"ఇప్పుడే రాయాలా?"

"సీటు రిజర్వ్ చేసుకోకపోతే నిలబడి వెళ్ళాలి." పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. "అయిదేళ్ళు ఎంత సేపు, ప్రవల్లీ. ఆరేళ్ళు చూశాం కదా."

"నెలకి రెండుసార్లు, రానూపోనూ..."

"లెక్క కట్టకు."

కట్టలేదు. ఆమెకి నోటిలెక్క బాగా వచ్చు గనక, కట్టకపోయినా జవాబు తెలిసిపోయింది. రెండొందల నలభై బస్సులు. వంటింట్లోకెళ్ళి గిన్నెలు గట్టిగా కడిగింది.

ఆదివారం నాగరత్నం ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. పెళ్ళి ఆగినా సాగినా, ఇంటికి పెద్దవాణ్ణి పిలవకుండా ఉంటే తప్పు కదా అనుకుంది. శుభలేఖలు అచ్చు వేయించలేదు. ఇంట్లో ఉన్నది ఆఫీసు గోడ మీద అంటించిన నోటీసు జిరాక్సు ఒకటే. దానికి నాలుగు మూలలా పసుపు రాసి, పళ్ళెంలో కుంకుమ భరిణె, తమలపాకులు పెట్టుకుని బావగారింటికెళ్ళి, బొట్టు పెట్టి, "రేపు ఆఫీసుకి రండి బావగారూ," అని చేతిలో పెట్టి వచ్చేసింది.

ఇది అమాయకంగా చేసిందా, కావాలని చేసిందా అని తర్వాత ప్రవల్లిక చాలాసార్లు అడిగింది. "నాకేం తెలుసే, నేను ఏడో క్లాసు చదివాను," అంటుంది నాగరత్నం ఇప్పటికీ.

సోమవారం మధ్యాహ్నం మూడున్నర. కిటికీ ఊచకి దండలు ఎండి గలగలమంటున్నాయి. సత్యవేణి వారమంతా నీళ్ళు చల్లింది, పాపం. సాక్షులు ముగ్గురూ బెంచీ మీద కునుకుతున్నారు. ప్రవల్లిక అదే పట్టుచీరలో, ఎలీషా అదే చొక్కాలో కూర్చున్నారు. దక్షిణామూర్తి గారు "గడువు ముగియుటకు గంటన్నర మాత్రమే కలదు" అని ప్రతి పావుగంటకీ వచ్చి, అంకె మార్చి చెప్పి వెళ్తున్నారు.

నాలుగు కావస్తుండగా ఆటో ఆగింది. బుల్లబ్బాయి దిగాడు. మల్లెపువ్వులాంటి పంచె, భుజం మీద కండువా, చేతిలో పసుపు రాసిన నోటీసు. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా నోటీసు బోర్డు దగ్గరికెళ్ళి, గోడ మీదున్నదాన్నీ చేతిలో ఉన్నదాన్నీ పోల్చి చూసుకున్నాడు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

తర్వాత అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీని గోడ వైపు తిప్పుకుని, వీపు అందరికీ చూపించి కూర్చున్నాడు.

ఆ వీపుని ప్రవల్లిక చిన్నప్పట్నుంచీ ఎన్నో పెళ్ళిళ్ళలో చూసింది.  "అమ్మా," అంది గుసగుసగా, "అసలైనదే!"

"ఎవరి ప్రోద్బలమూ లేదు!" అని కేకేసింది సత్యవేణి. "హృదయపూర్వకం! సార్, త్వరగా రండి!"

దక్షిణామూర్తి గారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. "అయ్యా, తమరి అభ్యంతరమేమో ఈ కార్యాలయమునకు విన్నవించుకొనుడు."

"పేరు లేదు," అన్నాడు పెదనాన్న గోడతో. "కలెక్టరు పేరుంది, ఈయన పేరుంది, ప్రింటు కొట్టినవాడి పేరుంది. ఆ పిల్లకి పెదనాన్నొకడు ఏడిశాడని ఒక్క అక్షరమైనా లేదు."

సత్యవేణి టకటకా కొట్టింది. అభ్యంతరాలు వచ్చినవి: 1. ఆఫీసులో చప్పట్లు మోగాయి. గవర్రాజు టార్పాలిన్ కిందనుంచి లేచొచ్చి కిటికీలోంచి చూశాడు. దక్షిణామూర్తి గారు నిమిషంలో విచారణ జరిపి, చట్టప్రకారం అభ్యంతరం చెల్లదని రాసి, సంతకం పెట్టారు. "పరిష్కరించబడినది" అనే బటన్ నొక్కారు.

తెర అడిగింది: అభ్యంతరదారు సంతృప్తి చెందినట్లు, ఆయన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ నమోదు చేయండి.

(అవును. అది కూడా నేనే.)

పెదనాన్న జేబులో ఫోన్ కుయ్‌మంది. ఆయన తీసి, చదువుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నంబరు చెప్పండి బాబాయ్‌గారూ," అంది సత్యవేణి.

"అదేంటి? ఇంకా ఎవరూ బతిమాలందే?"

నాలుగూ పది. సత్యవేణి సోడా తెచ్చి మొదటిసారి బతిమాలింది. ఆయన పద్ధతి ప్రకారం మొహం తిప్పుకున్నాడు. ఓటీపీ గడువు పది నిమిషాలు, పెదనాన్న గడువు పదిహేను. మొదటి నంబరు చచ్చిపోయింది. నాగరత్నం చేతులు జోడించి రెండోసారి బతిమాలింది. రెండో నంబరూ పోయింది. నాలుగూ నలభైకి దక్షిణామూర్తి గారు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి కుర్చీ ముందు వంగారు. "పెదనాన్నగారి సముఖమునకు సవినయముగా ప్రార్థించుకొనునది ఏమనగా..."

"బావుంది," అన్నాడు పెదనాన్న. "మావాళ్ళెవరూ ఇంత బాగా బతిమాల్లేదు." కానీ లేవలేదు. మూడోసారి కూడా లేవకపోవడం వంశ చరిత్రలో లేదు.

ప్రవల్లిక పట్టుచీర నలిగిపోతున్నా, ఆయన కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. అప్పుడుగాని ఆయన మొహం కనపడలేదు. ఆయన నోటీసులో ఒక వరస మీద వేలు పెట్టుకుని ఉన్నాడు. తండ్రి పేరు అని ఉన్న చోట.

"నాన్న పేరు పెదనాన్నా అది."

"తెలుసు. పక్కన లేట్ అని వేశారు." ఆయన వేలు కదపలేదు. "నా వెనకాల పుట్టి నాకన్నా ముందెళ్ళిపోయాడు వెధవ. వాడు లేడని రాయడం గుర్తుంది గవర్నమెంటుకి. వాడి స్థానంలో ఎవరున్నారో అడగాలని లేదు. నీ ఇంటర్ పరీక్షలప్పుడు సైకిలు మీద ఎవరు దింపారు? ఆ పేరు కాగితం మీద ఎక్కడుంది?"

ప్రవల్లిక తల తిప్పి చూస్తే, బల్ల మీద వివాహ రిజిస్టరు తెరిచి ఉంది. అడుగున మూడు ఖాళీ గీతలు.

"సార్," అంది లేచి. "అభ్యంతరం చెప్పినవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదని ఎక్కడన్నా ఉందా?"

దక్షిణామూర్తి గారు నిబంధనల పుస్తకం తెరిచారు, మూశారు. గడియారం వైపు చూశారు. "అటుల ఎచ్చటా లేదు. అంత దూరము ఎవరూ ఆలోచించి ఉండరు," అన్నారు.

కునుకుతున్న సాక్షుల్లో ఒకాయన్ని ఎలీషా లేపి, క్షమాపణ చెప్పి, పక్కకి జరిపాడు. ప్రవల్లిక రిజిస్టరు తెచ్చి పెదనాన్న ఒళ్ళో పెట్టింది. "మొదటి గీత నీది. నీ పైన ఇంకెవరూ లేరు. సర్టిఫికెట్ మీద కూడా ఇదే వరసలో పడుతుంది."

"మొదటి వరసా?"

"మొదటి వరస."

ఆయన కళ్ళజోడు సర్దుకుని గీత చూశాడు. ఫోన్ తీశాడు. "రాసుకోండి. ఏడు, సున్నా..."

పరిష్కార శాతం: 100. బటన్ పచ్చబడింది. నాలుగూ యాభై ఒకటి.

తర్వాత జరిగింది పెళ్ళో, బస్సు పట్టుకోడమో చెప్పడం కష్టం. ఎండిన దండలు మార్చుకుంటుంటే రేకులన్నీ రాలి, దండలో దారమే మిగిలింది. ప్రమాణం ఎలీషా ఒక్క గుక్కలో చదివేశాడు. మళ్ళీ ఒకసారి సరిచూసుకోకుండా అతను జీవితంలో చేసిన పని అదొక్కటే. బుల్లబ్బాయి మాత్రం తీరిగ్గా, గుండ్రంగా, ఇంటి పేరుతో సహా సంతకం పెట్టాడు. సర్టిఫికెట్ నాలుగూ యాభై ఆరుకి బయటికొచ్చింది. ప్రవల్లిక ఫోన్‌లో ఫోటో తీసి బదిలీల దరఖాస్తుకి జత చేసి పంపింది. నాలుగూ యాభై తొమ్మిదికి "స్వీకరించబడినది" అని వచ్చింది. అప్పుడు కూలబడి, ఎలీషా చెయ్యి పట్టుకుని, ఏడ్చింది. నాగరత్నం వారం రోజులుగా మోస్తున్న రెండు జేబురుమాళ్ళకీ పని దొరికింది.

సత్యవేణి బీరువా మీంచి డబ్బా దించి అందరికీ కాజాలు పంచింది. పెదనాన్న ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు.

"ఇవి పోయిన సోమవారంవి కదూ?" అని కండువా దులిపి, కుర్చీ వైపు చూశాడు.

"సార్!" సత్యవేణి మొహం పాలిపోయింది. "ఇంకో అభ్యంతరం!"

"నమోదు చేయవద్దు!" అని దక్షిణామూర్తి గారు అరిచి, ఆఫీసులో మొదటిసారి మామూలుగా మాట్లాడారు. "ప్లగ్గు పీకెయ్యవే తల్లీ, పీకెయ్!"

ఎలీషాకి ప్రవల్లిక స్కూలుకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో బడి వచ్చింది. పెదసింగవరం ఆఫీసు ర్యాంకుల్లో మొదటికొచ్చింది. అక్కడి "ఉత్తమ విధానం" ఏమిటో చూసి రమ్మని మా కంపెనీ నన్ను పంపితే, సత్యవేణి గారూ ప్రవల్లిక గారూ కలిసి ఇదంతా చెప్పారు. నేను సిగ్గుపడి, తిరిగొచ్చి, ఆ గీత సరిచేస్తానని రాసిచ్చాను. పైవాళ్ళు వద్దన్నారు. పెదసింగవరంలో అది అద్భుతంగా పనిచేసింది కదా అన్నారు. గీత అలాగే ఉంచి, దరఖాస్తులో కొత్త గడి ఒకటి పెట్టమన్నారు: "అలుగు పెద్దమనిషి పేరు." తప్పనిసరి అని ఎర్ర నక్షత్రం కూడా నేనే పెట్టాను. ఎవరూ లేనివాళ్ళ కోసం కింద ఒక జాబితా వస్తుంది. అందులో ప్రస్తుతానికి ఒకటే పేరుంది, అదీ మొదటి వరసలో.

సరే, నా నేరాలు నేను చెప్పుకున్నాను. ఇక మీ వంతు. మీ పెళ్ళి కాగితాల దగ్గర ఏ బటన్ బూడిదరంగులో ఉండిపోయింది? మీ ఇంట్లో కుర్చీ గోడ వైపు తిప్పుకున్నది ఎవరు, ఎన్నోసారికి లేచారు? కింద రాయండి. అన్నీ చదువుతాను. మూసెయ్యనని మాటిస్తున్నాను.